మంగ్లీ కాలు చాపుకునేంత జాగ

ములుగు దాటి ఘనపురం దిక్కు నడుస్తున్నాను. సకల జనుల సమ్మె రోజులు. బస్సులు డిపో గేటు దాటడం లేదు. జనగామలో బయలుదేరినవాణ్ణి, కొంత దూరం పాల ఆటో, కొంత దూరం ఇసుక ట్రాక్టరు, మిగతాదంతా సొంత కాళ్ళు. అప్పటి వరంగల్ జిల్లాలో ఘనపురం పేరుతో ఊళ్ళు మూడుండేవి. లింగాల ఘనపురం ఒకటి, స్టేషన్ ఘనపురం ఒకటి, పెద్ద చెరువున్న ఈ ఘనపురం ఒకటి. దారి అడిగిన ప్రతిసారీ ఏ ఘనపురమని ఎదురడుగుతారు. ఆ విసుగులో ఉండగా రాస్తారోకో ఎదురైంది.

ఆగిపోయిన లారీల మధ్య ఒక ట్రాక్టరు. దాని వెనక తగిలించిన డబ్బాలో చేపా కాదు, పత్తీ కాదు, ఒక తెల్లటి తెరచాప పడవ! దాని నడుమ చింతకొమ్మలను మించిన ఎత్తున ఒక స్తంభం. పడవ వెనక కొసన ఒకాయన బోర్లా పడుకుని ఇనుపతాడును తిడుతున్నాడు.

"జర ఆ పానా అందియ్యి బాపూ" అన్నాడు, నేనెవరో అడగకుండానే.

అందించాను.

"గిది గాదు. పెద్దది."

అట్లా పరిచయమయ్యాడు బీక్యా. కొడకండ్ల అవతలి తండా వాడు. పడుచుతనంలో మట్టిపనికి సికింద్రాబాద్ పోయి, అక్కడ చెరువు మీది పడవల క్లబ్బులో కూలీగా చేరి, తెరచాపలు ఉతకడం నుంచి తాళ్ళు బిగించడం దాకా అన్నీ నేర్చుకున్నాడు. జుట్టు నెరిసేదాకా అక్కడే ఉన్నాడు. ఇంటికొచ్చేటప్పుడు, పనికిరాదని పక్కన పడేసిన ఈ పడవను అడిగి తెచ్చుకున్నాడు. తండాలో అది రెండు వానకాలాలు పందిరి కింద పడి ఉంది. పిల్లలు దాన్ని విమానమన్నారు. కోళ్ళు అందులో గుడ్లు పెట్టాయి.

అంత కష్టపడి తెచ్చింది ఎవరి కోసమో ఆ మనిషి ఎదురుగా చింతచెట్టు నీడన గోనెసంచి మీద కూర్చుని ఉంది. ఆయన భార్య మంగ్లీ. "సాహెబుల పెండ్లాలందర్ని పడవల తిప్పినవు, నన్ను ఒక్కనాడన్న ఎక్కించినవా?" అని ఆమె పెళ్ళయిన కొత్తల్లో మొదలుపెట్టిన మాట. ఎక్కిస్తా ఎక్కిస్తా అంటుండగానే ఆమె పత్తి బండి మీది నుంచి పడింది. దవాఖానలో ఎముక అతికింది గానీ కుడి మోకాలు ఇక వంగలేదు. ఎక్కడ కూర్చున్నా ఆ కాలు ముందుకు చాపే ఉంటుంది.

పడవల గురించి నేను చదివిన పుస్తకాల్లో తుఫానులున్నాయి, దొంగలున్నారు, మనుషుల్ని మింగే చేపలున్నాయి. మోకాలు వంగని ఆడమనిషి ఎటు నుంచి ఎక్కాలో ఒక్కదాంట్లోనూ లేదు. ఈ పడవ అంచులు ఎత్తు, దాటలేదు. వెనక కొస పల్లం, అక్కడి నుంచి ఎక్కవచ్చు. కానీ స్తంభం ముందుకు పడకుండా దాని కొన నుంచి దిగే ఇనుపతాడు సరిగ్గా ఆ కొస నడుమకే వచ్చి బిగుసుకుంటుంది, వాకిట్లో అడ్డగట్టిన గుంజలాగా. ఎక్కినా, అడ్డంగా కూర్చుని కాలు చాపుకునే చోట అదే తాడు. బీక్యా ఉపాయమేమిటంటే, ఆ తాడును నిలువెత్తు పైన కోసి, ఒక ఇనుప కడియానికి కట్టి, అక్కడి నుంచి రెండు తాళ్ళను కొసకు రెండు మూలలకూ దించడం. నడుమ ఖాళీ అవుతుంది. ఘనపురం చెరువుకు పోయే దారి ఎట్లాగూ ఆగింది గదా అని స్తంభం ఇక్కడే నిలబెట్టి పనిలో దిగాడు.

"ఇయ్యాల గూడ గాకపోతే మల్ల నన్ను అడగకు" అంది మంగ్లీ. "ఇంటికి పోయి పండుకుంట."

ట్రాక్టరు ఆమె తమ్ముడు టీక్యాది. బోర్లలో మోటర్లు దించడం వాడి పని. ఆ ఇనుపతాడూ, దాన్ని మడిచి బిగించే క్లాంపులూ వాడివే. "బావా, మేము మోటరుకు కొసకు మూడు క్లాంపులు ఏస్తం. నువ్వు ఒక్కటే ఏస్తున్నవు."

"నీ మోటరు బాయిల ఉంటది. నా పడవ గాలిల ఉంటది. నాకు చెప్తవారా?"

ఇంతలో సారయ్య వచ్చాడు. సమ్మెలో ఉన్న బస్సు డ్రైవరు. ఆ రోజు వంటావార్పుకు ఆయనే పెద్ద. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, బంతులు తీరి తినడమే అప్పటి పోరాటం. వచ్చీరాగానే సలహా.

"తాడే తీసెయ్యరాదే అన్నా? లొల్లి వోతది."

"నీ బస్సు బిరేకు తీసేసి నడుపుతవా?"

"బస్సు నడపకనే శాన దినాలాయె. బిరేకు ఏ కాలు కిందుంటదో యాది లేదు."

అందరూ నవ్వారు. బీక్యా నవ్వలేదు. ఒకరు తాడు పొట్టిదన్నారు, ఒకరు స్తంభం వంకరన్నారు. నాకు మాత్రం చిన్న పానా, పెద్ద పానా, మళ్ళీ చిన్న పానా. కనీసం కూర్చోమని కూడా అనలేదు మహానుభావుడు.

ఎండ ముదిరింది. వంటవాళ్ళకు డేరా కట్టడానికి గుంజలు లేవు. ఎదురుగా అంత చక్కటి స్తంభం! బీక్యా తల వంచుకుని రెండో మూల బిగిస్తుండగానే టార్పాలిన్ తాడు స్తంభానికి చుట్టేశారు.

"ఏయ్! గది డేరా గుంజ గాదు!"

"తెలంగాణ కోసం గంత నీడియ్యలేవా నాయినా?" అన్నాడు సారయ్య.

ఆ మాటకు ఎవరు ఎదురు చెబుతారు? పళ్ళు కొరుక్కుంటూ బీక్యా మళ్ళీ తాడు మీదికి వంగాడు.

అన్నం దిగింది. పప్పు ఉడుకుతోంది. చెరువు మీది గాలి ఒక్కసారి లేచి టార్పాలిన్‌ను బుడగలా ఉబ్బించింది. పడవ వెనక కుడిమూలన క్లాంపులోంచి తాడు సర్రున జారింది. స్తంభం ముందుకు ఒరిగింది. డేరా పోయి పప్పు గుండిగలో పడింది.

"పప్పు ఖరాబ్ చేసినవు గదనే!"

"నేను కట్టుమన్ననా మీ డేరా?"

తిట్లు తిట్ల మీద పడుతుండగా చెట్టు కింద నుంచి మంగ్లీ గొంతు నింపాదిగా వచ్చింది.

"నయం. డేరా పప్పుల పడ్డది. నడి చెరువుల అయితే నేను నీళ్ళల్ల పడేదాన్ని. గీ కాలు పెట్టుకోని ఈదనన్న ఈదరాకపోవు."

 బీక్యా జారిన తాడు కొసను చేతిలోకి తీసుకుని చూశాడు. తరవాత, టీక్యా వైపు చూడకుండా, చెయ్యి చాపాడు.

"ఇయ్యి."

"ఎన్ని బావా?"

"ఉన్నయన్ని ఇయ్యి, మాటలు జెప్పకు."

ఒరిగిన స్తంభాన్ని మళ్ళీ నిలబెట్టాక ప్రతి కొసకూ మూడేసి క్లాంపులు పడ్డాయి. పానాల కూలీ మళ్ళీ నాదే. బిగింపు ముగిశాక బీక్యా పడవ మీద నిలబడి సారయ్యను పిలిచాడు. "డేరా కట్టే షౌకుంది గదా? ఇగో, గీ డేరా తాడు వట్టుకోని అందరు గుంజుండ్రి. స్తంభం పడ్డా నేను ఏమనను."

పప్పు పోయిన కసి అందరికీ ఉంది. డ్రైవర్లూ, కండక్టర్లూ, పత్తి రైతులూ వరస కట్టి, జై తెలంగాణ అంటూ గుంజారు. చెప్పులు తారు మీద జారాయి. స్తంభం కిర్రుమంది. రెండు తాళ్ళూ వీణ తీగల్లా బిగిశాయి. జారలేదు.

టీక్యా, సారయ్య చెరో పక్కా పట్టి మంగ్లీని డబ్బా మీదికి, అక్కడి నుంచి రెండు తాళ్ళ నడుమగా పడవలోకి ఎక్కించారు. ఆమె అడ్డంగా కూర్చుని కాలు చాపింది. మడమ అవతలి అంచును తాకీ తాకనట్టు ఆగింది.

"ఎట్లుంది?" బీక్యా గొంతు మొదటిసారి తగ్గింది.

"ఎండుంది" అంది మంగ్లీ. "నీళ్ళ మీదికి వోయినంక అడుగు."

చెరువు బాట రాస్తారోకోకు ఇవతలే ఎడమకు మళ్ళుతుంది. దానికి అడ్డున్న లారీని సారయ్య పక్కకు జరిపించాడు. పైన కరెంటు తీగలు లేవు కాబట్టి స్తంభం దించే పని లేదు. టీక్యా ట్రాక్టరును బాట మీదికి దించాడు. మంగ్లీ కొంగు నెత్తిన కప్పుకుని, సాహెబుల పెండ్లాలు ఎట్లా కూర్చునేవారో అట్లా కూర్చుంది.

బీక్యా వెనక నడుస్తున్నాడు. చూపంతా కుడిమూల తాడు మీదే. గుంతలో చక్రం పడ్డప్పుడల్లా చెయ్యి చాచి దాన్ని ముట్టి చూస్తున్నాడు.

పెద్ద పానా నా చేతిలోనే ఉండిపోయింది.

"బీక్యా! నీ పానా!"

తుమ్మచెట్ల దగ్గరి మలుపు తిరిగే ముందు ఆయన ఇంకోసారి తాడును ముట్టాడు. వెనక్కి మాత్రం చూడలేదు.