ఎవ్వరినీ నమ్మని మా కాక

మా పక్కింటి కాక పోయిన వారం కరీంనగర్ ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఆయన అల్లుడు ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను మర్యాదగా ఏడవాల్సింది పోయి, "నువ్వు కండ్లార చూసినవా, ఎవలన్న జెప్పిన్రా?" అని అడిగాను. అల్లుడికి కోపమొచ్చింది. పాఠకులు నన్ను మన్నించాలి. ఈ గుణం నాది కాదు, ఆ మహానుభావుడు పెట్టిన భిక్ష.

కాక ఎవ్వరినీ నమ్మేవాడు కాదు. కోరుట్లలో మా గల్లీకి పాలుపోసే మనిషి ముందే పాలలో వేలు ముంచి చూసేవాడు. బస్సెక్కితే బోర్డు చదివి, కండక్టర్‌ని అడిగి, పక్కసీటాయనను కూడా విచారించాకే కూర్చునేవాడు. కారణం లేకపోలేదు. వయసులో ఉన్నప్పుడు, కల్లు గీయడానికి తాళ్లెక్కడం తప్ప మరో పని ఎరగని ఆయనను, అనుభవం అక్కర్లేదు, దుకాణంలో పని అని చెప్పి ఒక ఏజెంటు గల్ఫ్ పంపాడు. తీరా దిగాక దుకాణం లేదు. ఎడారి ఉంది, మేకలున్నాయి. "మేకలు సుత నన్ను అనుభవం అడుగలే కొడుకా" అనేవాడు, నవ్వకుండా.

ఇక నా సంగతి. డిగ్రీ అయిపోయి ఏళ్లు గడుస్తున్నా పని లేదు. సిరిసిల్లలో బట్టల షాపుకు పోతే అనుభవం ఉందా అన్నారు. జగిత్యాలలో ఫైనాన్స్ ఆఫీసుకు పోతే అక్కడా అదే ప్రశ్న. పని ఇస్తే కదా అనుభవం వచ్చేది అని అరుగు మీద కూర్చుని వేదాంతిలా ఆలోచిస్తుండగా, మెట్‌పల్లి ఏజెంటు ఒకాయన గల్ఫ్‌లో పనికి ఏ అనుభవమూ వద్దు, పాస్‌పోర్టు ఇస్తే చాలన్నాడు. అంత ప్రేమగా నాతో అప్పటిదాకా ఎవరూ మాట్లాడలేదు.

పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని బయల్దేరుతుంటే కాక బండికి అడ్డం నిలబడ్డాడు. నాకంటే ముందు ఆ పనిలో ఉన్నవాడు ఇప్పుడెక్కడున్నాడో కనుక్కున్నావా అని అడిగాడు. లేదన్నాను. ఏజెంటుకు ఫోన్ కలిపించి తనే ఆ మాట అడిగాడు. అటువైపు ఫోన్ పెట్టేశారు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. "నాకే పనీ రాదు కాకా, మరేం జెయ్యాలె?" అన్నాను.

కాక కళ్లు చిన్నవయ్యాయి. అనుమానం నా మీదికి మళ్లింది. "గిన్నేండ్లు బతికినోనికి ఏ పని రాదా? నేను నమ్మ."

దొంగను పట్టినట్టు ఇంటింటికీ తిరిగి నా మీద విచారణ చేశాడు. సగం మంది మగవాళ్లు గల్ఫ్‌లో ఉన్న గల్లీ మాది. ముసలివాళ్లకు ఒంట్లో బాగాలేకపోతే, ఖాళీగా కనబడే నన్నే తోడిచ్చి జగిత్యాల దవాఖానకు పంపేవారు. చిట్టీ ఎక్కడ రాస్తారు, రక్తం ఎక్కడ తీస్తారు, సూది చూసి అరిచే అవ్వను ఏం చెప్పి నవ్వించాలి, అన్నీ నాకు తెలుసు. అదంతా పని కింద లెక్కకొస్తుందని నాకెవరు చెప్పారు?

కొన్నాళ్లకు కాక నన్ను జగిత్యాలలోనే ఒక ప్రైవేటు దవాఖానకు లాక్కెళ్లాడు. ఆటోలో మాతోపాటు మా గల్లీ అవ్వలు ఇద్దరున్నారు. ఎందుకని అడిగితే చెప్పలేదు. మేనేజరు నా కాగితాలు తిరగేసి, అనుభవం సర్టిఫికెట్ ఏదన్నాడు. కాక బయటికి పోయి అవ్వలను తోలుకొచ్చి ఎదురుగా నిలబెట్టాడు.

"గీళ్లే సార్. మీరే అడుగుండ్రి."

అడిగే అవసరం పడలేదు. ఒక అవ్వ తన మోకాలి ఎక్స్‌రే కథ ఎత్తుకుంది. రెండో అవ్వ ఆమెను ఆపి, "నా కొడుకు దుబాయ్‌ల ఉన్నడు. కండ్ల ఆపరేషన్ నాడు నా చెయ్యి వట్టుకున్నది గీ పిలగాడే" అంది. మేనేజరు నా కాగితాలు పక్కన పెట్టి, మర్నాటి నుంచి రమ్మన్నాడు. రోగులకు దారి చూపే పని. కాళ్లు మొక్కబోతే, జీతం చేతికొచ్చేదాకా ఆగమన్నాడు కాక. ఆ మేనేజరు అంత తొందరగా ఎందుకొప్పుకున్నాడోనని కోరుట్ల వచ్చేదాకా గొణిగాడు.

చనిపోయే ముందు రోజు ఛాతీ నొప్పితో ఆయనను మా దవాఖానకే తెచ్చారు. డాక్టరు కరీంనగర్ తీసుకుపొమ్మన్నాడు. అంబులెన్స్ దాకా చక్రాల కుర్చీని నేనే తోశాను. కాక ఆ కుర్చీనీ నమ్మలేదు. ఒక కాలు కిందికి వదిలి, నున్నటి బండల మీద చెప్పు రాస్తూ కూర్చున్నాడు, బ్రేకు వేసినట్టు. వరండా పొడవునా ఆ గరగర. కాలు పైన పెట్టుకొమ్మంటే వినలేదు. బయటికి దిగే వాలు దగ్గర ఆగాం. కింద అంబులెన్స్ తలుపులు తెరిచి ఉన్నాయి. కాక మెడ తిప్పి నా మొహం చూశాడు. చూసి, రెండు కాళ్లూ ఎత్తి పైన పెట్టుకున్నాడు.