ఆఖరి సూది

మొయినాబాద్ దాటాక చేవెళ్ల రోడ్డు పక్కనున్న ఆ ఇంజనీరింగ్ కాలేజీలో విమలమ్మకు మెట్ల కింది గది ఇచ్చారు. అందులో ఒక మంచం, ఒక బీరువా, బీపీ చూసే డబ్బా ఉన్నాయి. ఇరవై ఏడేళ్లు మిషన్ దవాఖానలో నర్సుగా చేసి, రిటైరయ్యాక ఇక్కడ చేరింది. రోజంతా తలనొప్పి గోళీలు పంచడమే పని. ఆమె మాత్రం ఉదయం రాగానే బీరువాలోని ప్రతి మందు తేదీ చూసుకునేది. నీళ్ల ట్యాంకు అడుగున తేనెపట్టు వేలాడుతోందని ఆఫీసులో రెండుసార్లు చెప్పింది. ఎవరూ కదల్లేదు. అప్పుడు వారానికి రెండుసార్లు వచ్చే డాక్టరును పట్టుబట్టి ఒక కాగితం రాయించుకుంది. తేనెటీగలు కుట్టినవాళ్లకు ఒంటిమీద దద్దుర్లతో పాటు గొంతు బొంగురుపోయినా, ఊపిరి ఆడకపోయినా అర మిల్లీలీటరు అడ్రినలిన్ తొడ కండలోకి ఇవ్వాలి. తగ్గకపోతే పది నిమిషాలకు మరొకటి. నాకోసం ఆగొద్దు. కింద డాక్టరు సంతకం.

రెండు వేల నాలుగులో ఆ కాలేజీకి మొదటిసారి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంటర్వ్యూలకు వచ్చింది. వాళ్ల తెల్ల క్వాలిస్ బండి గేటు దాటి లోపలికి రాగానే పిల్లలు ఈలలు వేశారు. పదకొండున్నరకు, ఎంపికైనవాళ్లలో మొదటి పేరు చదివారు. మమత, షాబాద్ దగ్గరి రైతు కూతురు. స్నేహితులు ఆమెను కుర్చీతో సహా ఎత్తి ఊరేగించి, నీళ్ల ట్యాంకు కింద పటాకుల లడీ అంటించారు.

లడీ సగం పేలిందో లేదో ట్యాంకు అడుగున నల్లటి పొర కదిలి గాలిలోకి లేచింది.

కాసేపట్లో మెట్ల కింది గది నిండిపోయింది. ఏడ్చేవాళ్లు, నవ్వేవాళ్లు, టై కట్టుకున్నవాళ్లు. విమలమ్మ కిటికీ మూసి, ఒక్కొక్కరి మెడ మీది ముళ్లను గోరుతో గీకి తీయసాగింది. ఒకడికి పద్నాలుగు లెక్కపెట్టింది. బస్సు డ్రైవరు కొమురయ్య గడప మీద కూర్చున్నాడు. ఆడపిల్లల్ని బస్సులోకి తోసి అద్దాలు వేసి, అందరికన్నా చివర వచ్చాడు.

"నాకు మూడే కుట్టినయి సిస్టరమ్మా. గా పిల్లలను చూడు జర" అన్నాడు.

ఆ గొంతు అతనిది కాదు. విమలమ్మ తిరిగి చూసింది. అతను అరచేతులు గోక్కుంటున్నాడు. పెదవులు లావెక్కాయి.

"ఇంతకుముందెన్నడన్న కుట్టినయా?"

"పోయినేడు ఒక్కటి కుట్టింది. మొఖం గుమ్మడికాయ లెక్కయింది. మావోళ్లు మూడొద్దులు నవ్విండ్రు."

ఆమె అతని చొక్కా ఎత్తింది. పొట్ట నిండా దద్దుర్లు. ముంజేయి పట్టుకుంటే నాడి వేళ్లకు సరిగా అందడం లేదు. పద్నాలుగు ముళ్ల కుర్రాడిని మంచం మీంచి లేపి కొమురయ్యను పడుకోబెట్టింది. అతని కాళ్ల కింద రెండు దిండ్లు వేసి బీరువా తెరిచింది.

మెస్సులో వంట చేసే అంతమ్మ, కొమురయ్య భార్య, చేతులకు పిండితోనే పరుగెత్తుకొచ్చింది. విమలమ్మ చేతిలోని చిన్న గాజు సీసా చూసి గతుక్కుమంది.

"అదేం సూది?"

"అడ్రినలిన్."

"వద్దు!" అంతమ్మ మంచానికి అడ్డంగా నిలబడింది. "మా బాపుకు పెద్ద దవాఖానల గిదే ఇచ్చిండ్రు. పేరు నాకు యాదికున్నది. ఇచ్చినంక లేవలే. వార్డుల అందరు ఆఖరి సూది అన్నరు. అవిల్ ఉంటది గదా, అదియ్యి!"

"అవిల్ దురదకు పనిచేస్తది. గొంతు తెరువది."

"నేనియ్యనియ్య!"

మంచం మీద కొమురయ్య ఊపిరి ఈల వేయడం మొదలైంది. విమలమ్మ అంతమ్మ భుజం పట్టుకుంది.

"మీ బాపుకు గుండె ఆగినంక ఇచ్చిండ్రు అంతమ్మా. నేను ఆగకముందు ఇస్తున్న. సూడు, నీ మొగనికి ఊపిరి ఆడుతలేదు. జరుగు."

అంతమ్మ భర్త ముఖం చూసింది. జరగలేదు. అక్కడే నేల మీద కూలబడింది. విమలమ్మ ఆమెను దాటి, ఖాకీ ప్యాంటు మీంచే సూదిని తొడలోకి నిటారుగా దించింది. గోడ గడియారం చూసి, టైము తన అరచేతి మీద పెన్నుతో రాసుకుంది.

ఒక నిమిషం ఏమీ కాలేదు. రెండో నిమిషంలో కొమురయ్య వేళ్లు వణికాయి. తర్వాత మోచేతులు, గడ్డం. గుండె ఎగిరిపడటం చొక్కా మీద కనిపించింది.

"వణుకుతుండు! సంపినవ్!" అని అంతమ్మ అరిచింది.

"వణకనియ్యి, మంచిదే! మందు అందింది!" విమలమ్మ గొంతులో సంతోషం దాగలేదు. నాడి ఇప్పుడు ఆమె వేళ్లను తన్నుతోంది. "మీ మెస్సు గంట ఒక్కటే గద. అది కొడితే పిల్లలు క్లాసులిడిసి ఉరికొస్తరు, నువ్వు గిన్నెల మూతలు తీస్తవు. ఎవరి పని వాళ్లది. ఈ మందు గూడ గంతే. రక్తనాళాలు బిగుస్తయి, బీపీ లేస్తది. ఊపిరి గొట్టాలు వదులైతయి. గుండె ఉరుకుతది."

నర్సింగు స్కూల్లో ఆమెకు ఇది చాలాకాలం అర్థం కాలేదు. ఒకే మందు ఒకచోట బిగించి, ఇంకోచోట వదులు చేయడం ఎలా? తేడా మందులో లేదని, దాన్ని అందుకునే గ్రాహకాలలో ఉందని టీచరు చెప్పింది. రక్తనాళాల మీదివి ఆల్ఫా, బిగించేవి. ఊపిరి గొట్టాల మీదివి బీటా, వదులు చేసేవి. గుండెను ఉరికించేవీ బీటాలే. పరీక్షలో అది రాసి మార్కులు తెచ్చుకుంది. ఇంత దగ్గర నుంచి చూడటం మాత్రం ఇదే మొదలు.

కొమురయ్య కళ్లు తెరిచాడు. "గుండెల పెండ్లి బ్యాండు కొడుతున్నరు సిస్టరమ్మా" అన్నాడు. గొంతు అతనిదే. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"పండుకో! లేస్తే తంత" అంది విమలమ్మ. మందు బలం కొద్ది నిమిషాలదేనని ఆమెకు తెలుసు. పట్నం చేరాలి. కాలేజీ బండి నడపాల్సినవాడే మంచం మీద ఉన్నాడు. కంపెనీవాళ్ల క్వాలిస్ డ్రైవరు అడగకముందే బండి మెట్ల దాకా తెచ్చాడు. వెనక సీటు వాల్చి కొమురయ్యను పడుకోబెట్టి, విమలమ్మా అంతమ్మా పక్కనే ఎక్కారు.

అజీజ్‌నగర్ దాటుతుండగా ఆ ఈల మళ్లీ మొదలైంది. విమలమ్మ తన అరచేయి, బండిలోని గడియారం చూసుకుంది. మొదటి సూది వేసి పద్నాలుగు నిమిషాలు.

"బండి ఆపు బాబూ!"

రెండో సీసా మెడ విరిచి మందు లాగేలోపే అంతమ్మ ముందుకు వంగి, రెండు చేతులతో భర్త తొడ మీద ప్యాంటు గుడ్డను బిగపట్టింది.

"ఏం సూస్తున్నవ్ సిస్టరమ్మా? ఇయ్యి! ఆఖరి సూది ఇయ్యి!"

మెహిదీపట్నం దవాఖానలో డ్యూటీ డాక్టరు విమలమ్మ అరచేతి మీది అంకెలు చూసి తన కాగితం మీద ఎక్కించుకున్నాడు. మళ్లీ తిరగబెట్టవచ్చు, రేపటిదాకా ఇక్కడే ఉండాలన్నాడు. ఆక్సిజన్ మాస్కులోంచి కొమురయ్య, బస్సు తాళంచెవి తన జేబులోనే ఉండిపోయిందని, సాయంత్రం పిల్లలు ఇండ్లకెట్ల పోతరని పదేపదే అడిగాడు. "సాలు తీయ్, ఊపిరి తీస్కో" అని అంతమ్మ కసిరింది.

తర్వాత వరండాలో ఆడవాళ్లిద్దరూ టీ తాగడానికి కూర్చున్నారు. విమలమ్మ గ్లాసు ఎత్తితే టీ ఒలికి చీర మీద పడింది. రెండో చేయి ఆసరా ఇచ్చినా వణుకు ఆగలేదు.

"సిస్టరమ్మా, నీకెవలిచ్చిండ్రు సూది?"

"ఎవలియ్యలే. గా మందు భయమైతే ఒంట్లనే తయారైతది. నీ చెయ్యి సూస్కో."

అంతమ్మ పిండి ఎండిన చేతిని కళ్ల ముందుకు తెచ్చుకుని చూసుకుంది. అదీ వణుకుతోంది. నవ్వు ఆపుకోలేక గ్లాసు కింద పెట్టేసింది.