రెండో వీధి వంతు

నలభై దాటాక నర్సమ్మకి చదువు పిచ్చి పట్టింది. ఈ మాట నేననడం లేదు, వాళ్ళక్క అంది. మున్సిపాలిటీ ఆసుపత్రిలో పొద్దస్తమానం కట్లు కట్టి, సూదులు పొడిచి, ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని కూర్చోవలసిన మనిషి ప్రజారోగ్యంలో పీజీ చేస్తానని బయల్దేరితే పిచ్చి అనక ఇంకేమంటారు? పైగా అది మామూలు చదువు కూడా కాదు. రెండేళ్ళ పాఠాలని ఏడాదిలో కుక్కి కుక్కి మింగించే చదువు.

సంగతి విని బావ పడీ పడీ నవ్వాడు. బావంటే అక్క మొగుడు, వీధి మొదట్లో టైలరు. మరదల్ని ఏడిపించకపోతే ఆయనకి తిన్నది అరగదు.

"రెండేళ్ళ చదువు ఏడాదిలో చదివితే, ఏడాదికి రెండేళ్ళ వయసు మీద పడుతుందన్నమాట. ఇప్పటికే తల ముగ్గుబుట్ట అవుతోంది. దిగులుపడకు మరదలా, రంగు నేను కొనిపెడతాలే."

"నీ నోటికి కుట్లేస్తాను బావా, మత్తు కూడా ఇవ్వను," అంది నర్సమ్మ. అని, ఆ వారమే వెళ్ళి చేరిపోయింది.

ఎందుకు చేరిందంటే, ఆమె కడుపులో ఒక మంట ఉంది. ఆమె వార్డులో మంచాల మీదున్నవాళ్ళలో సగం మంది, కాస్త ముందొచ్చి ఉంటే మంచం ఎక్కక్కర్లేనివాళ్ళు. పుండు కుళ్ళి కాలు తీసేయాల్సి వచ్చేదాకా షుగరుందని తెలీనివాడొకడు. ఏడాదిగా దగ్గుతూ పొయ్యి పొగ వల్లే అనుకున్నది ఒకతె. "కాస్త ముందు రావలసిందమ్మా" అని చెప్పీ చెప్పీ ఆమె నోరు పడిపోయింది. వాళ్ళొచ్చేదాకా మనం కూర్చోవడమేంటి, మనమే వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళాలి గానీ, అని ఆమె బాధ. అలా వెళ్ళే ఉద్యోగం ఇవ్వాలంటే ఆ డిగ్రీ ఉండాలన్నారు. సరే, తెస్తాను చూడండి, అంది.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "టైము దొరకలేదండీ" అనేది. అక్కకి పిల్లల్లేరు. అమ్మ పోయినప్పట్నుంచీ చెల్లెల్ని పెంచింది అక్కే కాబట్టి, ఆ లోటు ఆవిడ పెద్దగా ఎంచలేదు. చదువు మొదలయ్యాక రోజూ క్యారేజీ కట్టి పంపేది. ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, చూపు దానిమీదే ఉంచి, ఏం తింటోందో తెలీకుండా తినేది నర్సమ్మ.

క్లాసు నిండా నిన్నగాక మొన్న డాక్టర్లయిన పిల్లలు. వాళ్ళు గోడకున్న తెరని ఫోనుతో టకటకా ఫొటోలు తీసుకుంటుంటే, ఈమె చేత్తో రాసుకునేది. సగం రాసేసరికి తెర మారిపోయేది. మొదట్లో ఒకరోజు ధైర్యం చేసి చెయ్యెత్తి, "సార్, ఆ చివరిది ఇంకోసారి చెప్తారా?" అనడిగింది. ప్రొఫెసరు మంచివాడే. చెప్పాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

అంతే, మళ్ళీ చెయ్యెత్తలేదు. ఆపరేషన్ థియేటర్లో సర్జన్లు కత్తెరలు విసిరికొట్టి తిడితే దులిపేసుకుని పోయిన మనిషండీ! ఒక్క నవ్వుకి నోరు కట్టేసుకుంది. ఎవరికి ఎక్కడ తగులుతుందో ఎవరు చెప్పొచ్చారు! అప్పట్నుంచీ తెలిసినదానికీ తల ఊపింది, తెలియనిదానికీ ఊపింది. కొన్ని పాఠాలు బస్సులో నిలబడి పేజీలు తిప్పడంతోనే అయిపోయాయి.

చదువు గట్టెక్కాలంటే ప్రాజెక్టు ఒకటి చెయ్యాలి. ఆమె తనకి తెలిసిన పేటనే ఎంచుకుంది. కాలవకి అటుపక్కొక వీధి, ఇటుపక్కొక వీధి. ఒక వీధిలో ఇంటింటికీ వెళ్ళి బీపీ చూడాలి, ఎక్కువున్నవాళ్ళని ఆసుపత్రికి వెళ్ళమని పోరాలి. రెండో వీధిని కొన్ని నెలలపాటు దాని మానాన వదిలెయ్యాలి. ఆఖర్న రెండింటినీ పోల్చి, ఎవరు ఎక్కువమంది ఆసుపత్రికి వెళ్ళి చూపించుకున్నారో లెక్కతీయాలి. అప్పుడు గానీ మనం తిరగడం వల్ల లాభమేమైనా ఉందా అన్నది తేలదు. ఆ తర్వాత రెండో వీధికి కూడా వెళ్ళొచ్చు.

ఏ వీధి ముందు అన్నది మన ఇష్టం కాదు. ప్రొఫెసరు క్లాసులోనే నాణెం ఎగరేశాడు. అటుపక్క వీధికి మొదటి వంతు పడింది. ఇటుపక్క వీధి రెండోదైంది. అక్కా వాళ్ళ ఇల్లు ఇటుపక్క.

"రెండో వీధిలో ముందుగా నోరు జారారా, లెక్కంతా చెడుతుంది," అన్నాడు ప్రొఫెసరు. అనేసి, ఇంకొకరి ప్రాజెక్టులోకి వెళ్ళిపోయాడు. నర్సమ్మ ఆ మాట రాసుకుని, కింద రెండు గీతలు గీసుకుంది.

బీపీ మిషను పెట్టుకోవడానికి బావ తన దగ్గర మిగిలిన గుడ్డముక్కలతో ఒక సంచీ కుట్టిచ్చాడు. "డాక్టరమ్మ సంచీ. కూలి అక్కర్లేదు, నాలుగు మంచి మాటలు చాలు," అన్నాడు. ఆ నాలుగు మాటలూ దొరకలేదు గానీ సంచీ మాత్రం తీసుకుంది. ఆ సంచీ భుజానేసుకునే రోజూ సాయంత్రం ఆయన కొట్టు ముందునుంచి వంతెన దాటి అవతలి వీధికి వెళ్ళేది.

అక్కడ పని బాగా సాగింది. మొదట్లో తలుపులు మొహం మీదే వేసినవాళ్ళు కూడా తర్వాత్తర్వాత కుర్చీ వేసి, చెయ్యి చాపి కూర్చునేవారు. ఆసుపత్రికి వెళ్ళొచ్చి మందుబిళ్ళల చీటీ చూపించేవారు. చేసిన పనికి ఫలితం కళ్ళెదుట కనబడుతుంటే ఎవరికి మాత్రం ఉషారుగా ఉండదు?

ఒక ఆదివారం అక్క పట్టుకుంది.

"ఏమే, ఊళ్ళోవాళ్ళందరికీ చూస్తున్నావు, మీ బావకి ఒకసారి చూడరాదూ? పొద్దున లేస్తే చాలు, తలపోటంటున్నాడు. మొన్న మెట్టు దిగుతూ తూలాడు కూడా."

నర్సమ్మ చెయ్యి సంచీ దాకా వెళ్ళింది. వెళ్ళి, ఆగింది. ఒక్కసారి చూస్తే బీపీ ఎంతుందో తెలుస్తుంది. తెలిస్తే ఆసుపత్రికి పంపాలి. పంపితే రెండో వీధిలో ఒకడు తన మూలానే వెళ్ళినట్టు. లెక్క చెడుతుంది. మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టడానికి ఈ ఏడాదిలో నెలలెక్కడున్నాయి? పోనీ, ప్రొఫెసర్ని అడిగితే? అమ్మో, ఇంతమాత్రం కూడా తెలీదా అనుకోరూ?

"కొంచెం ఓపికపట్టక్కా. మీ వీధి వంతు కూడా వస్తుంది, అప్పుడు అందరికీ చూస్తాను. పొద్దస్తమానం కుట్టుమిషను మీదకి వంగి కూర్చుంటే తలనొప్పి రాక ఏమొస్తుంది? కళ్ళద్దాలు మార్పించు."

"విన్నావుటే? మరదలి దగ్గర కూడా మనది వెయిటింగ్ లిస్టే!" అన్నాడు బావ లోపల్నుంచి.

ముగ్గురూ నవ్వుకున్నారు. బావ కళ్ళద్దాలు మార్పించుకున్నాడు. వేరే ఎక్కడైనా చూపించుకోవచ్చు కదా అంటారేమో. ఇంట్లో నర్సుని పెట్టుకుని పరాయివాళ్ళ దగ్గర వరసలో నిలబడేవాళ్ళని మీరెక్కడైనా చూశారా? ఆవిడ ఆగమంది, వీళ్ళు ఆగారు.

వంతు రాకముందే ఒక మధ్యాహ్నం బావ మిషను తొక్కుతూ తొక్కుతూ పక్కకి ఒరిగిపోయాడు. ఎదురుకొట్టు వాళ్ళు ఆటోలో వేసి పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. నర్సమ్మ పరుగున వెళ్ళేసరికి నోరు ఒక పక్కకి లాగేసి ఉంది. కుడి చెయ్యి మంచం మీంచి వేలాడుతోంది. దాన్ని ఎత్తి పొట్ట మీద పెట్టింది. అది మళ్ళీ జారిపోయింది.

డ్యూటీ డాక్టరు బీపీ చూసి, నమ్మలేక ఇంకోసారి చూశాడు. "ఇంత బీపీ నిన్నా ఇవాళా వచ్చింది కాదమ్మా. ఎప్పుడూ చూపించుకోలేదా?" అని అక్కని అడిగాడు.

"మా చెల్లెలే నర్సండీ," అంది అక్క. "చూస్తానంది. మా వీధి వంతే ఇంకా రాలేదు."

ఎత్తిపొడుపు కాదది. అడిగినదానికి నిజం చెప్పింది, అంతే. డాక్టరుకి ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కన నిలబడ్డ నర్సమ్మకి మాత్రం భూమి నోరు తెరిచి మింగేస్తే బాగుండుననిపించింది.

బావ బతికాడు. మాట, కుడి పక్క, రెండూ పోయాయి.

చదువు మానేస్తానని చెప్పడానికి నర్సమ్మ ప్రొఫెసరు గదికి వెళ్ళింది. జరిగింది చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"చూడొద్దని ఎవరన్నారమ్మా మీతో?" అన్నాడు. "నేనన్నది వీధి సంగతి. సొంతవాళ్ళ ఇల్లయితే ఆ ఒక్క ఇల్లూ లెక్కలోంచి తీసేస్తాం. అయినా ఒంట్లో బాలేదని ఎవరు చెప్పినా సరే, ఏ వీధైనా సరే, వెంటనే ఆసుపత్రికి పంపాలి. లెక్క చెడితే చెడనీ. ప్రాజెక్టుల గురించి మనం చెప్పుకున్న మొదటి పాఠమే అది."

ఆ పాఠం ఆమె బస్సులో చదివింది.

"ఒక్క మాట నన్ను అడిగి ఉండాల్సింది," అన్నాడాయన. కోపంగా అంటే ఏడ్చి తేలికపడేది. జాలిగా అన్నాడు. ఆమె ఏళ్ళ తరబడి వార్డులో "కాస్త ముందు రావలసింది" అన్నది కూడా సరిగ్గా ఆ గొంతుతోనే. అవతలివాళ్ళకి అది ఎలా తగిలేదో ఇప్పుడు తెలిసింది.

మానెయ్యడానికి అక్క ఒప్పుకోలేదు. "ఆయన ఇలా అయ్యాడు, నువ్వూ కూలబడితే నేనెవర్ని చూసుకుని బతకాలే? ఒకళ్ళయినా నిలబడండి," అని గోల చేసింది. దాంతో పూర్తిచేసింది. ప్రాజెక్టుకి మంచి మార్కులొచ్చాయి. ఇంటింటికీ తిరిగితే లాభముందని తేలింది. తేలకేం, ఆ సంగతి ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు?

ఆ తర్వాతే అసలు నరకం. అక్క కనబడినవాళ్ళందరితోనూ చెల్లెల్ని పొగడటం మొదలుపెట్టింది. "ఏం చేస్తామండీ, నుదుటిన అలా రాసుంది. మనిషి చేతుల్లో ఏముంది? మా చెల్లెలే లేకపోతే ఈపాటికి ఆయన్ని మట్టిలో కలిపేదాన్ని. తనే స్నానం చేయిస్తుంది, తనే చెయ్యీ కాలూ పడుతుంది." ఆ మాటలు వింటూ బావ కాలికి మర్దనా చేస్తుంటే నర్సమ్మ వేళ్ళు కొయ్యబారిపోయేవి. దొంగసొత్తు తిన్నట్టుండేది.

ఒకరోజు ఇక ఆగలేకపోయింది. అక్క మంచం పక్కన కూర్చుని బావకి చెంచాతో జావ పడుతోంది.

"అక్కా, నీకొకటి చెప్పాలి," అంది. అని మొత్తం చెప్పేసింది. చూడొద్దని ఎవరూ అనలేదని. అడిగితే ఆ పూటే చూడనిచ్చేవాళ్ళని. ఎవరో నవ్వుతారని భయపడి అడగలేదని. "రాత కాదక్కా. నేనే," అంది.

అక్క చెంచా గిన్నెలో పెట్టింది. చెల్లెలి వైపు చూడలేదు.

"ఇన్నాళ్ళూ మనమేం చెయ్యగలిగేవాళ్ళం అనుకుని రాత్రిళ్ళు కళ్ళు మూసుకుంటున్నానే," అంది. "అదొక్కటే మిగిలింది నాకు. అదీ లాగేసుకున్నావు. చెప్పి నువ్వు బరువు దించుకున్నావు సరే, నేనెవరికి చెప్పుకోను? చెప్పుకుందామంటే ఉన్నది నువ్వొక్కతెవే కదే!"

నర్సమ్మ అక్క కాళ్ళు పట్టుకోబోయింది. అక్క కాళ్ళు వెనక్కి తీసుకుంది. అప్పుడు మంచం కిర్రుమంది. ఇద్దరూ అటు చూశారు.

బావకి పోయింది మాటే. చెవులు కాదు. ఆ సంగతి ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. ఆయన ఎడం చేత్తో మంచం పట్టె పట్టుకుని, బలమంతా కూడదీసుకుని, కొంచెం కొంచెంగా గోడవైపు తిరుగుతున్నాడు. అక్క సాయం పట్టబోతే తల అడ్డంగా ఊపాడు. ఆ కాస్త తిరగడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. మరదలు చూస్తూ నిలబడింది.