పలాసలో మా మొదటి కస్టమర్

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా బావా నేనూ పలాసలో ఒక గది తీసుకుని, కంప్యూటర్లను వైరస్‌ల నుంచి, దొంగచాటుగా చొరబడేవాళ్ల నుంచి కాపాడే కంపెనీ పెట్టాం. పని కోసం జీడిపప్పు ఫ్యాక్టరీలన్నీ తిరిగాం. ఒక యజమాని నవ్వేశాడు. "గదికి తాళమేసినాను గదా బాబూ, ఇంక దొంగెలాగొత్తాడు?"

కొన్నాళ్లకు ఎవరో తెచ్చిన పాటల సీడీతో ఆయన కంప్యూటర్‌లోకి వైరస్ చేరి, ఫైళ్లేవీ తెరుచుకోలేదు. ఆయనే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. పగలంతా కూర్చుని చాలావరకు వెనక్కి తెచ్చాం.

మర్నాడు ఆయన మా ఇద్దరినీ తన స్కూటరెక్కించుకుని, వేగుతున్న జీడిపిక్కల వాసనలో పక్క ఫ్యాక్టరీలకు తీసుకెళ్లాడు. "నాను ఇనలేదు. మీరైనా ఈళ్ల మాటినండి" అని ప్రతిచోటా చెప్పాడు.

స్కూటర్ మీద మధ్యలో ఇరుక్కున్న బావ నావైపు తిరిగి, "ఇప్పుడు మనది కంపెనీలాగుంది బావా!" అన్నాడు.

తర్వాత విశాఖలో పెద్ద ఆఫీసు తీసుకున్నాం. అయినా నాకు పలాస రోజులే ఎక్కువగా గుర్తొస్తాయి.