విరామ సమయం అంటే ఏంది?

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో శామీర్‌పేట దగ్గర ఒక చిన్న పరిశోధన కేంద్రంలో పనిచేసేదాన్ని. పిల్లల కోసం ప్రభుత్వాలు ఏం చేయాలో తేల్చడానికి నాలుగు దేశాల కేంద్రాలు చేతులు కలిపాయి. అందులో మాదొకటి. పిల్లల్ని అడగడానికి అన్నిచోట్లా ఒకటే ప్రశ్నపత్రం. దాన్ని తెలుగు చేసే పని నాకు పడింది. మేడ్చల్‌లో మా కాలనీ నిండా కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగుల కుటుంబాలే. అందుకని నా తెలుగే తెలుగని నాకు గట్టి నమ్మకం. రెండు వారాలు నిఘంటువు ముందేసుకుని రాశాను. రాసింది చూసుకుని నేనే మురిసిపోయాను.

మొదటిరోజు గుండ్లపోచంపల్లి వెళ్లాం. పని చూడడానికి ఒక చలిదేశపు కేంద్రం నుంచి పరిశోధకురాలు కూడా వచ్చింది. ఎదురుగా తొమ్మిదో తరగతి అమ్మాయి. పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వాళ్ల అవ్వ. నేను గొంతు సవరించుకుని చదివాను.

“విరామ సమయమందు నీవు ఏయే వినోద కార్యకలాపములలో పాల్గొనుచుందువు?”

అమ్మాయి లేచి నిలబడింది. “మేడం, గిది పరీక్షల వస్తదా?”

“గీ భాష ఏ ఊరిది బిడ్డా?” అని అవ్వ అడిగింది.

“తెలుగే అవ్వా.”

“మరి మేం మాట్లాడేది ఏంది?”

ప్రశ్నను ఉన్నదున్నట్టు చదవాలే తప్ప వివరించకూడదని నియమం. కాబట్టి మళ్లీ చదివాను, ఈసారి ఇంకా గట్టిగా. పిల్ల ఏమంటోందని అతిథి అడిగింది. “ఆలోచిస్తోంది” అన్నాను. పాపం, ఆవిడ అదే రాసుకుంది.

చివరికి అమ్మాయికే నా మీద జాలేసింది. “ఖాళీగ ఉన్నప్పుడు ఏం జేస్తవ్ అని అడుగుండ్రి మేడం. జల్దీ సమజైతది.”

నియమం పక్కనపెట్టి అలాగే అడిగాను.

“ఖాళీగ కనవడితే మా అమ్మ పని జెప్తది. అందుకే పుస్తకం తెరిచి పెట్టుకొని కూసుంట. గప్పుడు ఎవ్వలేమనరు. మస్తుగుంటది.”

అవ్వ చేతిలో చిక్కుడుకాయ ఆగింది. “అంటే సదువుత లేవా?”

అతిథికి అంతా చెప్పేశాను, ఆలోచిస్తోందన్నది అబద్ధమని కూడా. ఆవిడ పడీపడీ నవ్వింది. వాళ్లమ్మాయీ ఇదే చేస్తుందట.

తర్వాతి వారం నాలుగు కేంద్రాలూ ఫోన్లో సమావేశమయ్యాయి. నేను భయపడుతూనే జరిగింది చెప్పాను. తర్వాత ఒక్కొక్కరే బయటపడ్డారు. వాళ్లు అడిగిన పిల్లలూ ఆ ప్రశ్న దగ్గరే తెల్లమొహం వేశారట. దాంతో ప్రశ్న మార్చారు. అమ్మాయి అడగమన్న మాటే నాలుగు భాషల్లోకీ వెళ్లింది.

ఆ సంగతి చెబితే పొంగిపోతుందనుకుని మళ్లీ వెళ్లాను. అమ్మాయి మాత్రం, “మరి గా దేశాల పోరగాండ్లు ఏం జేస్తరంట?” అంది. ఇంకా తెలియదన్నాను.

“తెల్వంగనే వచ్చి జెప్పుండ్రి.”

జవాబులు చేరాక వెళ్లి చదివి వినిపించాను. చలిదేశపు పిల్లాడొకడు, మంచమ్మీద పడుకుని పైకప్పు చూస్తానని రాశాడు.

“గింతమంది సదువుకున్నోళ్లు గూడి గిదా తెల్సుకున్నది?” అని అవ్వ నవ్వింది.

అమ్మాయి నవ్వలేదు. “మా తీర్గనే ఉన్నరు” అని, దగ్గరగా జరిగి మిగతావి కూడా చదవమంది.