నేస్తాన్ని పేరు పెట్టి పిలిపించారు

ఈ రోజు ఆదివారం కదా అని, తొమ్మిదో తరగతి చదువుతున్న మనవరాలిని చూడడానికి టెక్కలిలో హాస్టల్‌కి వెళ్ళాను. ఇంటికొచ్చినా కోపం చల్లారలేదు.

మా ఉద్దానంలో ఇద్దరు నేస్తం కట్టుకుంటే, అంటే జన్మంతా స్నేహంగా ఉంటామని పెద్దల ముందు మాటిచ్చుకుంటే, ఇక ఒకరినొకరు పేరుతో పిలుచుకోరు. "నేస్తం" అనే పిలుచుకుంటారు. మా పిల్ల వేసవిలో తన గదిలోని ఇచ్ఛాపురం అమ్మాయితో నేస్తం కట్టుకుంది. రెండిళ్ళవాళ్ళం బట్టలు కూడా పెట్టుకున్నాం. హాస్టల్ మేడంకి ఆ పిలుపు మోటుగా తోచిందట. పేరుతో పిలిచేదాకా వేరే గదుల్లో ఉండమంది.

"కొత్త గదిలో నిద్దరట్టడం నేదు తాతా. గంట కొడితే సాలు, లెగిసి కూకుంతన్నాను," అంది మా పిల్ల.

మనవరాలిని వెంటబెట్టుకుని మేడం దగ్గరికి వెళ్ళి, "అది మా ఆచారమమ్మా," అన్నాను.

"ఒక్కసారి పేరు పెట్టి పిలవమనండి తాతగారూ. ఇప్పుడే ఒకే గదిలో వేస్తాను," అని ఆ ఇచ్ఛాపురం అమ్మాయిని కూడా రప్పించింది.

మనవరాలు నా వైపు చూసింది. "ఏటి సెయ్యమంతావు తాతా?"

"పిలిసీయమ్మా," అన్నాను.

పిలిచింది. ఎదురుగా నిలబడ్డ నేస్తం పలకలేదు, ఏడ్చింది.

"చూశారా, ఎంత సులువో," అని మేడం నవ్వింది.

గది ఒకటైంది. నేను వచ్చేసేటప్పటికి మాత్రం ఇద్దరూ వరండాలో చెరో చివర కూర్చున్నారు.

నాకూ సంతబొమ్మాళిలో యాభై ఏళ్ళ నేస్తం ఉన్నాడు. ఆయన పేరు నా నోట ఏనాడూ రాలేదు. ఈ సంగతి ఆయనకి ఏ మొహంతో చెప్పాలో మీరే చెప్పండి.