సుద్దముక్క

ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలో ఉండే దేముడి చొక్కా జేబులో పెన్ను ఉండదు, సుద్దముక్క ఉంటుంది. రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లుగా చక్రాలు బిగిస్తున్న మనిషి. ఏ చక్రం కనబడినా, ఆఖరికి కూరగాయల బండిదైనా సరే, వేలి కణుపుతో కొట్టి చెవి ఒగ్గుతాడు. అలాంటివాడి మోటార్‌సైకిల్ వెనక చక్రానికి ఝపటాపూర్ మెకానిక్కు తీతు కొత్త బేరింగులు వేసి ఇచ్చాడు. మర్నాడే ఖరిదా మలుపులో బండి పక్కకు లాగేసి, వెనక కూర్చున్న భార్య నూకాలమ్మ రోడ్డు మీద పడింది. మోచెయ్యంతా చెక్కుకుపోయింది.

దేముడు బండిని అక్కణ్ణించి తోసుకుంటూనే వచ్చి, తీతు షెడ్డు ముందు స్టాండు వేశాడు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. చక్రాన్ని రెండు చేతులా పట్టి ఊపితే టక్కుటక్కుమంది. “ఏటిరా ఇది?” అన్నాడు. తీతు ఫోన్లోంచి తలెత్తలేదు. “కొత్త బేరింగులు కదా బాబాయ్, నాల్రోజులు తిరిగితే అదే సర్దుకుంటది. ఠీక్ హై.” దేముడికి ఒళ్లు మండిపోయింది. “మనిసి పడిపోతే ఠీక్ హై అంటావేటి!” అని అరిచి, సుద్దముక్క అతని ఒళ్లోకి విసిరాడు. “మా వర్క్‌షాపులో సక్రం బిగించినోడు దాని మీద పేరు రాస్తాడు. నువ్వూ రాయి. రాసి, మీ అమ్మని ఎనకాల కూకోబెట్టుకుని సర్చికి తీసుకెళ్లు!” తీతు విసురుగా వంగి టైరు మీద మొదటి అక్షరం రాశాడు. రెండోదానికి చెయ్యి కదల్లేదు. రాసింది అరచేత్తో తుడిచేసి, పానా అందుకున్నాడు.